ఊరి పేరు పెట్టుకున్న సరుకు ఆ ఊళ్ళోనే తయారవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మన ఊళ్ళ పేర్లతో సరుకులకు దేశమంతటా గిరాకీ తేవాలన్న మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. మంచి మాటే. కానీ పేరు ఖండాలు దాటి, తయారీ మాత్రం ఊరు విడిచిపోతే ఏమవుతుందో ఒక చిన్న దీవి కర్మాగారం కథ చెబుతుంది. అది బీరు కథ. మద్యం మీద ఎవరి అభిప్రాయం వారిది. ఇక్కడ నా బాధ చిన్న ఉత్పత్తిదారు గురించి, ఊరి పేరు గురించి.

1994లో అమెరికా రాష్ట్రమైన హవాయి దీవుల్లో పెద్దదైన దీవి మీద, కైలువా-కోనా పట్టణంలో, కామెరాన్ హీలీ, ఆయన కుమారుడు స్పూన్ ఖాల్సా కలిసి కోనా బ్రూయింగ్ అనే కంపెనీ పెట్టారు. దీవిలో బీరు తయారు చేయాలంటే మొదటి రోజు నుంచీ సముద్రమే ఖర్చు. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు, ఖాళీ సీసాలు, మూతలు, యంత్రం ఆగిపోతే దానికి కావలసిన విడిభాగం, అన్నీ ఓడ దిగాలి. అమెరికా రేవుల మధ్య సరుకు మోసే ఓడ ఆ దేశంలోనే కట్టినదై, ఆ దేశస్థుల యాజమాన్యంలోనే ఉండాలని 1920 నాటి జోన్స్ చట్టం నిర్దేశిస్తుంది. ఓడలు తక్కువైతే కిరాయి పెరగక ఏం చేస్తుంది? కరెంటు ధర చూస్తే ఆ దేశపు రాష్ట్రాలన్నిటిలోనూ హవాయిదే ఎక్కువ. మరిగించడానికీ చల్లబరచడానికీ రాత్రింబవళ్ళు శక్తి కావలసిన పరిశ్రమకు అది చిన్న భారం కాదు. ఇన్ని చేసి సీసాలు నింపితే, వాటిలో తొంభై శాతానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళనూ గాజు బరువునూ మళ్ళీ ఓడకెక్కించి వేల కిలోమీటర్లు పంపాలి.

గిరాకీ పెరిగేసరికి ఈ లెక్క తన పని తాను చేసింది. ప్రధాన భూభాగంలోని పెద్ద కర్మాగారాల్లో సీసా బీరు తయారవడం మొదలైంది. ఓరెగాన్, వాషింగ్టన్, న్యూహాంప్‌షైర్, టెన్నెసీ రాష్ట్రాల్లో నింపిన సీసాల మీద కోనా పేరే ఉండేది. దీవిలో తయారైంది పీపాల్లో పోసి అక్కడి పబ్బులకు పంపే బీరు మాత్రమే. హవాయి దుకాణంలో హవాయివాసి కొనుక్కునే సీసా కూడా సముద్రం దాటి వచ్చిందే.

ఆ అట్టపెట్టెను ఒకసారి చూడండి. పన్నెండు సీసాల పెట్టె మీద పెద్దదీవి పటం, అందులో కోనాలోని కర్మాగారం ఎక్కడుందో గుర్తు, హవాయికి వచ్చినప్పుడు మా కర్మాగారానికీ పబ్బులకూ రండి అన్న ఆహ్వానం. చదివినవాడు ఏమనుకోవాలి? 2017లో కాలిఫోర్నియాలో కొందరు కొనుగోలుదారులు దావా వేశారు. 2019లో కంపెనీ సుమారు 47 లక్షల డాలర్లకు రాజీపడింది, బీరు ఎక్కడెక్కడ తయారవుతుందో పెట్టెల మీద ముద్రించడానికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది కోనా మాతృసంస్థను అమెరికా బీరు దిగ్గజం ఆన్‌హైజర్-బుష్ కొన్నప్పుడు, పోటీ దెబ్బతినకుండా హవాయిలోని వ్యాపారాన్ని వేరే సంస్థకు అమ్మాలని ప్రభుత్వం షరతు పెట్టింది. అలా ఒకే పేరుకు ఇద్దరు యజమానులయ్యారు.

కోనాలో మొదలుపెట్టినవారిని నేను దోషులుగా చూడను. ఆ ఓడ కిరాయిలూ ఆ కరెంటు బిల్లులూ ఎవరినైనా అటే తోస్తాయి. తప్పు ఆ పటాన్ని పెట్టె మీద ఉంచేయడంలో ఉంది. పక్కనే మావీ దీవిలో 2005లో మొదలైన మావీ బ్రూయింగ్ మరో దారి పట్టింది. సీసా బదులు తేలికపాటి డబ్బాలు ఎంచుకుంది, దీవిలోనే తయారు చేస్తామన్న మాటతోనే పేరు తెచ్చుకుంది. ఖర్చు ఎక్కువైనా ఆ దారి ఉందన్నమాట.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. అమెరికా 2018 నుంచి చిన్న బీరు కంపెనీలకు మొదటి 60,000 పీపాల మీద సుంకాన్ని పీపాకు 7 డాలర్ల నుంచి మూడున్నరకు తగ్గించింది. మేలైన పని. అయితే ఆ రాయితీ ఎంత తయారు చేస్తున్నారో చూసింది కానీ ఎక్కడ తయారు చేస్తున్నారో చూడలేదు. ఓడ మీద బతికే దీవి కంపెనీకీ, జాతీయ రహదారి పక్కనున్న కంపెనీకీ ఒకటే లెక్క.

ఇప్పుడు మన సంగతి. నాది కోనసీమ ముఖద్వారంలో కిరాణా దుకాణం. పూతరేకుల పెట్టె చేతిలోకి తీసుకున్న ప్రతి బాటసారీ ఇవి ఆత్రేయపురానివేనా అని అడుగుతాడు. బోర్లించిన వేడి కుండ మీద పలుచని పిండినీళ్ళలో ముంచిన గుడ్డను ఒక్క ఊపులో పరచి, రేకు చిట్లకుండా లేపడం ఆ ఊరి ఆడవాళ్ళ చేతి విద్య. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు కాఫీకి 2019లోనే వచ్చింది. చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునే హక్కు నమోదైన వినియోగదారులదే, దొంగపేరు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. కానీ పెట్టె ముందువైపు ఊరి పేరు బొటనవేలంత, వెనకవైపు తయారీదారు చిరునామా చీమ తలకాయంత ఉంటే, కళ్ళజోడు లేని పెద్దాయన ఏం పోల్చుకుంటాడు?

ఊరి పేరు ఎంత అక్షరంలో వేస్తే, తయారైన చోటు పేరూ ముందువైపే అంత అక్షరంలో వేయాలని నిబంధన రావాలి. గిరాకీ పెరిగినా చిన్నవారు ఊళ్ళోనే ఉండగలిగేలా ప్యాకింగు యంత్రాలు, గిడ్డంగులు, రవాణా రాయితీ ఆ ఊళ్ళకే ఇవ్వాలి. ఆత్రేయపురం పూతరేకులకు నమోదైన వినియోగదారుల జాబితాను జిల్లా కలెక్టరు తెలుగులో ప్రచురించి, మాలాంటి దుకాణదారులకు అందేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక కిరాణా వ్యాపారి, రావులపాలెం