పదిమందే వచ్చారని దిగులెందుకురా

దోస్త్,

నల్లగొండలో మీ డాబా మీద గజల్ పాటలకు పదిమంది కూడా రాలేదని, కుర్చీల కిరాయి దండగైందని మెసేజ్ పెట్టావు కదా, ఫోన్లో చెప్తే ఒడవదని రాస్తున్నా. అయినా కుర్చీలెందుకురా, రెండు జంపఖానాలు పరిస్తే అయిపోయేదానికి!

ఎండాకాలంలో నాగర్‌కర్నూల్ అవతల మా మేనత్త వాళ్ళ ఊరికి పోయినప్పుడు కిన్నెర అనే తీగల వాద్యం విన్నా. అరుగు మీద ఒక పెద్దాయన, కింద మేము ఏడెనిమిది మందిమి, మధ్యలో వచ్చిపోయే పిల్లలు, అంతే. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పటి నుంచి పన్నెండు మెట్ల కిన్నెర పేరు మనందరికీ తెలుసు గానీ, నేను అప్పటిదాకా విన్నదంతా ఫోన్లోనే. పక్కన కూర్చుని వింటే సంగతి వేరే. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, తీగను నొక్కే మెట్లను తేనె మైనంతో అతికిస్తారు. ఆ వేడికి మైనం మెత్తబడి ఒక మెట్టు కదిలింది, ఆయనేమో పాట ఆపి మాటల్లోకి దిగి, కథ చెప్తూనే బొటనవేలితో దాన్ని నొక్కి సరిచేసుకుని మళ్ళీ మీటాడు! పెద్ద స్టేజీ మీదైతే ఇది ఎవరికి కనపడుతుంది? పైగా మైకు పెడితే తీగల గరగర తప్ప బుర్రల్లోంచి వచ్చే ఆ గుమ్మనే నాదం రాదు. ఇళ్ళ ముందు పాడే వాద్యం కదా, అరుగు దాకా వినపడితే చాలు దానికి.

అసలు ముచ్చట ఇది. పండుగ సాయన్న కథ, ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిన మన పాలమూరు సాయన్న, ఆయన్ని పట్టుకున్న కాడికి వచ్చేసరికి ఒక ముసలమ్మ "అట్ల కాదు, మా అవ్వ వేరే తీరు చెప్పేది" అని అడ్డుపడింది. నాకైతే టెన్షన్, ఆయనకు కోపమొస్తుందేమోనని. ఆయన "అయితే నువ్వే చెప్పవ్వా" అని ఆమెతో చెప్పించుకుని, ఆ మాటలనే రాగంలో పెట్టి పాడేశాడు. రవీంద్రభారతిలో కూర్చుని ఎవరన్నా ఇలా అడ్డుపడగలరా? నీ డాబా మీద మాత్రం పడొచ్చు. పదిమంది ఉన్నప్పుడే పాట అటూఇటూ తిరుగుతుంది.

ఇదంతా చెప్పానని చప్పట్లతో సరిపెట్టమనడం లేదు. పద్మశ్రీ వచ్చాక కూడా మొగిలయ్య గారు కూలిపని చేశారని పేపర్లో చదివి ఇద్దరం తిట్టుకున్నాం గుర్తుందా?  2024లో దామరగిద్ద దాసరి కొండప్ప గారి బుర్రవీణకు, అదీ తీగల వాద్యమే, పద్మశ్రీ వచ్చింది, సంతోషమే గానీ బిరుదుతో పొయ్యి వెలగదు కదా. అందుకని ఈసారి కుర్చీల డబ్బు తబలా అతనికి ముందే ఇచ్చెయ్, వచ్చినవాళ్ళ దగ్గర తలా వంద మొహమాటపడకుండా తీసుకో, చాయ్ నీ ఖర్చు. నేను వచ్చే నెల వస్తా, ముందు వరుసలో కూర్చుని నచ్చిన చరణం మూడుసార్లు పాడిస్తా, గొంతు సిద్ధం చేసుకో.

నీ దోస్త్