మహిళా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముగ్గుల పోటీ, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలన్నీ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది మన అపార్ట్‌మెంట్ మహిళా విభాగం ఎక్కువగా పట్టించుకున్నది రొమ్ము క్యాన్సర్ సంగతి. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. 2022లో కొత్త కేసులు సుమారు 1.92 లక్షలని అంచనా.

అక్టోబరు సమావేశానికి ఒక క్యాన్సర్ వైద్యురాలు వచ్చారు. మనవాళ్లు అడిగినవాటిలో సగం డియోడరెంట్లు, నల్ల బ్రాలు, ప్లాస్టిక్ డబ్బాల గురించే. మొదటి రెండింటి వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదని ఆవిడ తేల్చేశారు. ప్లాస్టిక్ మీద మాత్రం అంత ధీమాగా చెప్పలేదు. కొన్ని రకాల్లో ఉండే బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉందని ఇంకా రుజువు కాలేదు. అయినా పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోయించుకోవడం ఎందుకు? ఇప్పుడు చాలామంది కర్రీ పాయింట్‌కి స్టీలు క్యారియర్ పట్టుకెళ్తున్నారు, సంతోషం. కానీ డబ్బాలు మార్చడంలో చూపిన హుషారు అసలైన వాటి దగ్గర కనబడలేదని చెప్పక తప్పదు.

మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) తర్వాత అండాశయాల పని ఆగినా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఆ హార్మోన్ ఎక్కువైతే రొమ్ము క్యాన్సర్‌కు ఊతమిస్తుంది. ఆ వయసులో పెరిగే బరువు ముప్పు పెంచేది అందుకే. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలన్నారు. చురుగ్గా అంటే ఎంత అని అడిగితే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి అన్నారు. మర్నాడే సెల్లార్లో నడక బృందం అన్నమయ్య కీర్తన ఎత్తుకుంది. ఆయాసం లేకుండా చరణం దాకా వెళ్లినవాళ్లందరినీ వేగం పెంచమన్నాం!

మద్యం కొంచెమైనా ముప్పే. ఆ మాట చెప్పి న్యూ ఇయర్ పార్టీలో వైన్ తీసేద్దామంటే కమిటీలో ఎవరూ నోరు మెదపలేదు. పక్కన పళ్లరసాల కౌంటర్ పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు.

బిడ్డకు పాలివ్వడం తల్లికీ రక్షణే. ఇవ్వలేకపోయినవాళ్లను ఎవరూ సాధించవద్దని మనవి. అలాగే చికిత్స తీసుకుంటున్నవాళ్లను "ఏం తిన్నావమ్మా, ఎందుకొచ్చింది?" అని అడగకండి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఆడవాళ్లు కావడం, వయసు పెరగడం తప్ప వేరే కారణమేదీ కనబడదు.

అందుకే పరీక్షల మీద ఖర్చుకు వెనకాడలేదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది మహిళలతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. శిక్షణ పొందిన కార్యకర్తలు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లేకుండా రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించినా, 50 దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన క్లబ్ హాల్లో పెట్టిన శిబిరానికి ఇళ్లలో పనిచేసే అక్కలు, వాచ్‌మన్‌ల కుటుంబాలవారు కూడా వచ్చారు. నిజానికి ముందుగా వచ్చి లైన్లో నిలబడింది వాళ్లే. ఫ్లాట్లవాళ్లకే మొహమాటం ఎక్కువైంది.

మళ్లీ శిబిరం వేసవి సెలవుల తర్వాత ఉంటుంది. 30 ఏళ్లు దాటినవారు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి. తల్లికో, అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు ఉంటే అంతవరకు ఆగకుండా ముందే డాక్టరును కలవండి.

ఇట్లు,
కార్యదర్శి, మహిళా విభాగం