ఇంకో బోరు గురించి నాయనకు

రోటర్‌డాం,
అక్టోబరు

నాయనా,

చీనీ తోటలో రెండు బోర్లూ వట్టిపోయాయనీ, ఈసారి వెయ్యి అడుగులు దింపిస్తానని నువ్వంటున్నావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. డబ్బు పంపమని నువ్వు నోరు తెరిచి అడగలేదు, అడగవు కూడా. పంపడానికి నాకేం ఇబ్బంది లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. అయితే ఆ డబ్బు దేంట్లో పెట్టాలన్నది ఫోన్లో తేలేది కాదు. ఫోన్లో నువ్వు "సరేలేమ్మా" అంటావు, అక్కడికి మాట ఆగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఇక్కడ ఈ మధ్య అందరూ విదేశీ సహాయం గురించే మాట్లాడుకున్నారు. 2027 నుంచి ఏటా 240 కోట్ల యూరోలు కోత పెడతామని నెదర్లాండ్స్ ప్రభుత్వం చెప్పింది. మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గర పడిన ఒకాయన ఉన్నాడు. "మేమిచ్చిన డబ్బు మీ దేశంలో ఎవరికైనా పనికొచ్చిందా?" అని నన్ను అడిగాడు. గొప్పకు అడిగిన మాట కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మనది అనంతపురం కదా, చెప్పడానికి చాలానే ఉంది.

మొదట ఆర్డీటీ, అదే మన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గురించి చెప్పా. 1969లో ఫాదర్ ఫెర్రర్ మన జిల్లాకు రావడం, బావులు తవ్వించడం, ఆడవాళ్ల పేరు మీద ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి, 2009లో ఆయన పోయినప్పుడు జిల్లా అంతా కదిలిరావడం, అన్నీ చెప్పా. ఆ డబ్బులో ఎక్కువ భాగం స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పక్కన పెట్టి పంపిందేనంటే ఆయన చాలాసేపు ఆలోచించాడు. తర్వాత వాళ్ల దేశం డబ్బు సంగతికొచ్చా. అది చెప్పాలంటే నీ గురించి చెప్పాలి.

బడి గోడ మీద నీలం బోర్డు ఉండేది, గుర్తుందా? ఈ వారం వాన ఎంత పడింది, ఏ బోరులో నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయి అని సుద్దతో రాసేవాళ్లు. ఆ అంకెలు నీ రిజిస్టర్‌లోవే. మన వాకిట్లో వాన కొలిచే డబ్బా ఉండేది. పొద్దున్నే ఎనిమిదిన్నరకు నువ్వు చూసి రాసేదాకా దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడివి కాదు. పదిహేను రోజులకోసారి టేపు పట్టుకుని బోర్ల దగ్గరికి పోయేవాడివి. టేపు నీళ్లకు తగలగానే కుయ్‌మని మోగేది. ఆ మోత వినాలని పిల్లలమంతా నీ వెంట పడేవాళ్లం.

అదంతా నెదర్లాండ్స్ డబ్బుతో జరిగిందే నాయనా. ముందు ఏపీవెల్ అని 1995లో మొదలైంది. చిన్న రైతులు కొందరు కలిసి ఒకే బోరు వాడుకునే పద్ధతి అది. తర్వాత రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునేలా ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని పొడుగు పేరుతో ఇంకో ప్రాజెక్టు వచ్చింది. మన జిల్లాతో పాటు చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, మొత్తం ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిచింది. 2003లో మన కేంద్ర ప్రభుత్వం చిన్న దేశాల నుంచి నేరుగా సహాయం తీసుకోకూడదని నిర్ణయించింది. ఆ చిన్న దేశాల్లో నెదర్లాండ్స్ కూడా ఉంది. దాంతో ఆ డబ్బును ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ ద్వారా మళ్లించి పని ఆగకుండా చూశారు. ఆ నిర్ణయం తప్పని నేననను. పెద్ద దేశానికి ఆత్మగౌరవం ఉండాల్సిందే. ఒకరి బడ్జెట్ మీద బతికే పని ఎంత అర్ధాంతరంగా ఆగిపోతుందో 2025లో చూశాం కదా. అమెరికా సహాయం నిలిపేయడంతో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. అక్కడికి మందులకొచ్చే వాళ్లకు ముందుగా చెప్పిన దిక్కు కూడా ఉండి ఉండదు.

ఆ ప్రాజెక్టులో నాకు గొప్పగా అనిపించేది వేరే ఉంది. వాళ్లు ఎవరికీ ఉచితంగా బోరు వేయలేదు, ఫలానా పంట వేయొద్దని చెప్పలేదు. కొలవడం నేర్పారు, అంతే. అక్టోబరులో, సరిగ్గా ఇదే నెలలో, రబీకి ముందు ఊరంతా కూర్చునేది. వాన ఎంత పడింది, భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరు ఏ పంట వేస్తే ఎన్ని నీళ్లు ఖర్చవుతాయి అని పెద్ద కాగితం మీద లెక్క కట్టేవాళ్లు. నీళ్లు చాలవని తేలితే ఎవరి ఇష్టంతో వాళ్లు వరి మానుకుని ఆరుతడి పంటకు మారేవాళ్లు. చాలాచోట్ల నీటి వాడకం నిజంగానే తగ్గిందని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా రాసింది. ప్రాజెక్టు అయిపోయాక మన ఊళ్లో బోర్డు వెలిసిపోయింది, మీటింగు ఆగిపోయింది. 2019లో కేంద్రం అటల్ భూజల్ యోజన పేరుతో ఇలాంటి నీటి లెక్కలనే ఏడు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. ఆ ఏడింటిలో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మన రైతులు చేసి చూపించిన పని మన దగ్గరే లేకుండా పోయిందంటే నాకు కడుపు మండుతుంది.

నేనుండే చోట నేల సముద్రమట్టం కంటే కిందుంది. ఇక్కడ నీళ్ల బోర్డులని ఉన్నాయి, వాటి చరిత్ర 13వ శతాబ్దం నుంచి మొదలవుతుంది. వాటికి విడిగా పన్ను, విడిగా ఎన్నికలు. ఈ దేశం పార్లమెంటుకు నాకు ఓటు లేదు గానీ ఆ బోర్డుకు ఉంది. వీళ్ల బాధ నీళ్లు ఎక్కువై, మన బాధ లేక. నీళ్లను ఎవరికి వాళ్లు విడిగా చూసుకోలేరన్న సంగతి మాత్రం వీళ్లకు బాగా ఒంటపట్టింది.

ఇప్పుడు మన బోరు సంగతికొస్తా. ఊళ్లో వెయ్యి అడుగులకు ఎవరు పోగలరు? బెంగుళూరులోనో అమెరికాలోనో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ల వాళ్లే. మన దిగువ పొలం అన్న ఉన్నాడు కదా, ఆయనది ప్రభుత్వం పట్టా ఇచ్చిన డీకేటీ భూమి, రెండెకరాలు. ఆయన బోరు మూడొందల అడుగులు కూడా ఉండదు. మనం లోతుకు దింపి మోటారు వేస్తే ఆయన బోరు ఆగిపోవచ్చు. అప్పుడాయన వడ్డీకి తెచ్చి ఇంకో బోరు వేస్తాడు, అది ఫెయిలైతే ఇల్లు తాళం వేసి కేరళకు పోతాడు. బోరు అప్పులతో మన జిల్లాలో ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో నీకు తెలుసు. విదేశాల్లో ఉన్న మనవాళ్లం ఇళ్లకు పంపే డబ్బు 2022 నుంచి ఏటా 10,000 కోట్ల డాలర్లు దాటుతోంది. దాని ముందు ఏ దేశమిచ్చే సహాయమైనా చిన్నదే. సహాయం డబ్బుకు లెక్కలు అడిగేవాళ్లున్నారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత సంస్థలకు బయటి నుంచి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఢిల్లీలో ఒకే బ్యాంకు బ్రాంచికి రావాలి. నేను పంపే డబ్బు ఊరి నీళ్లను ఏం చేస్తుందని మాత్రం ఎవరూ అడగరు. మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి నాయనా.

కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపాలని ఎవరికీ అనిపించదు. 2004లో ఆ కరెంటు రాకపోయి ఉంటే మనమూ సేద్యం వదిలేసేవాళ్లం, కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. కానీ వాన మాత్రం మన నాయనమ్మ కాలంలో పడినంతే పడుతోంది.

నా మాట విని ఒక పని చెయ్యి. ముందు పాత టేపు తీసి, మన చుట్టుపక్కల పనిచేస్తున్న బోర్లన్నీ కొలువు. ఆ రిజిస్టర్లు అటక మీద ట్రంకు పెట్టెలో ఉంటాయని అమ్మ అంటోంది. అప్పటి మట్టానికీ ఇప్పటికీ తేడా ఎంతో చూసి నాకు చెప్పు. డ్రిప్ పైపులు మార్చడానికి, పొలంలో సేద్యపు కుంట తవ్వడానికి, చెరువులోకి వచ్చే వంక పూడిక తీయడానికి ఎంతవుతుందో అడిగి రాయి. వాటికి డబ్బు వెంటనే పంపిస్తా. ముసలి చెట్లు కొన్ని వదిలేసుకోవాల్సి వస్తే వదిలేద్దాం. అది నీకెంత కష్టమో తెలుసు, వాటిని కడవలతో నీళ్లు మోసి బతికించినవాడివి.

అన్నీ చూశాక కూడా బోరు తప్పదంటే, దిగువ పొలం అన్ననూ చిన్నాన్ననూ కలుపుకుని ముగ్గురికీ ఒకటే వేద్దాం. ఏపీవెల్ రోజుల్లో లాగా ఎవరికి ఎన్ని గంటలో కాగితం మీద రాసుకుందాం. అన్న వంతు ఖర్చు నేను పెట్టుకుంటా. అప్పుగా కాదని ఆయనకు నువ్వే మెల్లగా చెప్పు. నీరు, భూమి, చెట్ల కోసం ఉన్న వాల్టా చట్టం ప్రకారం పర్మిషన్ కూడా తీసుకో.

రిగ్గు వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఈ లెక్కలన్నీ చూసేదాకా ఆగు. ఇచ్చేసి ఉంటే ఎంతిచ్చావో చెప్పు, తిరిగి అడగొచ్చేమో చూద్దాం. అమ్మ మోకాలి నొప్పికి మందులు అయిపోయుంటాయి, చీటీ ఫోటో తీసి పంపించమను.

నీ కూతురు