గండికోట అన్నకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం సాయంత్రం గండికోటలో అమ్మ కాలు విరిగింది. నిన్న ఆపరేషన్ అయింది. ఇప్పుడు పర్వాలేదు, నిద్రపోతోంది. రెండు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు, అయినా ఇది రాయకుండా పడుకోలేను. తప్పులుంటే మన్నించండి.

అమ్మ ముప్పై ఏళ్లు సోషల్ టీచర్‌గా చేసింది. 1123లో కాకరాజు అక్కడ కోట కట్టించాడని, తర్వాత పెమ్మసాని నాయకులు ఏలారని పిల్లలకు చెప్పిందే గానీ, ఆ చోటు ఎప్పుడూ చూడలేదు. ధాన్యాగారంలో నిలబడి పైకప్పు వంక ఎంతసేపు చూసిందో! మాధవరాయ స్వామి గుడి చూసుకుని, మసీదు పక్కనుంచి లోయ దగ్గరికి వెళ్లాం. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న వెళ్లిన ఆ గండి వల్లే కోటకు ఆ పేరు వచ్చిందని దారంతా చెబుతూనే ఉంది. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రటి రాళ్లు, ఎక్కడో కింద నది. "ఈ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటేనే" అంటూ ఒక బండను చేత్తో నిమిరింది. పక్క బండ మీదికి అడుగు వేయబోయి జారి, రెండు రాళ్ల సందులో పడిపోయింది. అంచు అక్కడికి పది అడుగులు కూడా లేదు.

చీకటి పడుతోంది. అమ్మ అరుపుకు చుట్టూ జనం చేరారు, ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. అప్పుడు మేకలు తోలుకుపోతున్న ఒకాయన వచ్చారు. యాభై దాటి ఉంటాయి. "ఏం గాదులేమ్మా, భయపడాకు" అని నాతో అని, అమ్మ పక్కన కూర్చుని కాలు చూశారు. తర్వాత తన చేతికర్రను మోకాలికి ఆనించి ఫట్మని విరిచేశారు. ఆ రెండు ముక్కలనూ కాలికి అటొకటి ఇటొకటి పెట్టి, తలకున్న తువ్వాలు విప్పి చింపి కట్టారు. "మేకకు ఇరిగినా ఇట్లే కడతాం. అక్కా, కాలు మాత్రం కదిలించాకు" అన్నారు. కట్టు భలే కుదురుగా ఉందని తర్వాత డాక్టరు గారే అన్నారు.

ఆ తర్వాత అమ్మను వీపున ఎత్తుకున్నారు. ఆ రాళ్ల మీద ఉత్త చేతులతో నడవడమే నాకు కష్టం. ఆయన ఒక్కచోట కూడా తూలలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, "నొప్పిగా ఉందా అక్కా?" అని అడిగారు, అంతే. అంత నొప్పిలోనూ అమ్మ, "తమ్ముడూ, నీ మేకలెవరు చూస్తారయ్యా?" అంది. "అవి దావ ఎరిగినవే, ఇంటికి పోతాయిలే" అన్నారు. నేను డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఫోటో కూడా వద్దన్నారు. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు.

మా ఆయన కారు తెచ్చారు, తమ్ముడు రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చాడు, పిల్లలను అత్తయ్య చూసుకుంటున్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం అడగాలి. సెలవు రోజు వస్తే అంత జనం వచ్చే చోట, అంచున ఒక కంచె ఎందుకు లేదు? ఒక స్ట్రెచర్, కట్టు కట్టడానికి కాస్త గుడ్డ, చీకటి పడ్డాక దారి చూపే ఒక లైటు, ఇవి కూడా కష్టమేనా? సహాయం కోసం ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. ఆ అన్న ఆ దారిన రాకపోయి ఉంటే మా పరిస్థితి ఏంటి? నా కోపం ఇంకా తగ్గలేదు.

గండికోట ఊరివాళ్లెవరైనా ఇది చదివితే, మేకలు కాసే ఆ అన్నకు ఒక్క మాట చెప్పండి. అక్క బాగుంది, ఆపరేషన్ అయిందని. మేకలన్నీ ఇల్లు చేరాయో లేదో కనుక్కొని నాకు చెప్పండి. మత్తు దిగిన దగ్గర్నుంచి అమ్మ అదే అడుగుతోంది. ఆ కర్ర ముక్కలను నర్సు పారేయబోతే నేను తీసుకుని దాచాను.

అయ్యో, ఫోన్ లైట్లు వేసి మసీదు దాకా దారి చూపించిన కాలేజీ పిల్లల సంగతి రాయనే లేదు. ఐదారుగురు ఉన్నారు, ఊరేదో కూడా అడగలేదు. థాంక్స్ నాన్నా. ఎక్స్-రే తీసినాయన డ్యూటీ అయిపోయినా మా కోసం ఆగారు, ఆయనకు కూడా.

ఇంకొకరు. సోడా బండి అక్క అమ్మకు నీళ్లు తాగించి, ఐసు గుడ్డలో చుట్టి ఇచ్చింది. అక్కా, నీ స్టీలు గ్లాసు మా కారులోనే ఉండిపోయింది. అమ్మ నడవగానే తెచ్చిస్తాం.