కాఫీ పొడిలో చికోరీ వాటా పెంచమంటున్నారు, మంత్రి గారూ

కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి శ్రీ పీయూష్ గోయల్ గారికి,

నమస్కారం. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాకు చిన్న కాఫీ పొడి కొట్టు ఉంది. మా నాన్నగారు పెట్టింది. గింజలు వేయించి, వచ్చినవాళ్ల కళ్లముందే మర పట్టి ఇస్తాం. కాఫీ బోర్డు మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను.

2019లో న్యూయార్క్ మార్కెట్లో పౌండు అరబికా రకం కాఫీ గింజల ధర ఒక డాలరు కంటే కిందికి పడింది. 2025 ఫిబ్రవరిలో అదే నాలుగు డాలర్లు దాటింది. లండన్‌లో ఇంకో రకం, రోబస్టా, టన్ను 5,000 డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానలు లేక పంట దెబ్బతింటే మాకేం అనుకోవడానికి లేదు. మన కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది కాబట్టి చిక్కమగళూరులో కొన్నా ఆ ధరను బట్టే కొనాలి. ఇన్నేళ్లకు రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి, నాకు సంతోషమే. ఎగుమతులు ఆపమని నేను అడగను.

నా బాధ వేరే. ధర పెరిగే కొద్దీ పొడిలో చికోరీ, అంటే కాఫీలో కలిపే చవకైన వేరు పొడి, పెరుగుతోంది. బండి మీద కాఫీ అమ్మే తమ్ముడొకడు వచ్చి, "అన్నా, రేటు పెంచొద్దు, కావాలంటే చికోరీ ఇంకొంచెం వెయ్యి" అంటాడు. గ్లాసు మీద రెండు రూపాయలు పెంచితే బేరం పక్క బండికి పోతుందని అతని టెన్షన్. చికోరీ వేస్తే డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది, తాగేవాళ్లకు తెలియదు. ఎప్పుడూ అరకిలో పీబెర్రీ (గుండ్రటి కాఫీ గింజ) మర పట్టించుకునే రిటైర్డ్ టీచరమ్మ ఒకరు మొన్న, "పావు కిలో చాలు బాబూ" అని తలొంచుకుని అన్నారు. ఆవిడకు కల్తీ లేని పొడి ఇచ్చి పంపాను గానీ, ఆ రోజంతా మనసు మనసులో లేదు.

కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలని చట్టం ఉంది. కానీ కాగితం పొట్లంలో కట్టిచ్చే లూజు పొడి మీద ఎవరు రాస్తున్నారు? ఎవరు చూస్తున్నారు? నిజం చెప్పి అమ్మేవాడికి రేటు ఎక్కువ, చెప్పనివాడికి బేరం ఎక్కువ. 2025 సెప్టెంబరులో ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దించారు. వేయించిన కాఫీ మీద ముందునుంచీ 5 శాతమే, అదేమీ తగ్గలేదు. పోటీ మాత్రం పెరిగింది.

తొంభైల దాకా కాఫీ బోర్డే పంటంతా సేకరించి అమ్మేది. ఆ పద్ధతి మళ్లీ రావాలని కాదు. ఒకటి రెండు బస్తాలు మాత్రమే కొనగలిగే మాలాంటివాళ్లకు టోకు ధరకు గింజలు దొరికేలా బోర్డు మా జిల్లాలో ఏర్పాటు చేయాలి. ఆహార భద్రత తనిఖీలు ఆరోగ్య శాఖవని తెలుసు. అయినా కాఫీ మాట కాబట్టి మీరు అడిగితే కదులుతారు.

నిన్న మా కొట్టు ముందు పలక కట్టాను: కాఫీ 80, చికోరీ 20. ప్రతి పొడి కొట్టు ముందూ అలాంటి పలక ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక కాఫీ పొడి వ్యాపారి,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు