తాతయ్య కనురెప్పల మీది పసుపు మచ్చలు

చిన్నీ,

"కొలెస్టరాల్ రిపోర్టు నార్మల్ వచ్చింది నాన్నా, మాత్ర ఆపేశాను" అన్నావు నిన్న. ఫోనులో కాస్త గట్టిగానే అరిచాను. తర్వాత నిద్ర పట్టలేదు. కేకలతో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నాను.

హాల్లో తాతయ్య ఫొటో చూశావు కదా. కనురెప్పల మీద, ముక్కు పక్కగా, పసుపు మచ్చలుంటాయి. మన ఇంట్లో వాటిని అదృష్టపు మచ్చలనేవారు. ఆ అదృష్టవంతుడు నలభై నాలుగో ఏట పొలం గట్టు మీద కూలిపోయాడు. అవి చర్మం కింద పేరుకున్న కొలెస్టరాల్ అని, నా రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, 212 ఉందని తేలిన రోజున డాక్టరు చెబితే తెలిసింది.

మన ఊరి బావిలో చేద గుర్తుందా? కాలేయ కణాల పైపొర మీద అలాంటి చేదలే ఉంటాయి. గ్రాహకాలంటారు. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువును పట్టుకోగానే, ఆ చోట పొర గుంటపడి, బుడగలా తెగి లోపలికి పోతుంది. బుడగలో ఆమ్లం పెరిగేసరికి పట్టు వదులవుతుంది. రేణువు అరిగిపోవడానికి అటు వెళుతుంది, చేద ఖాళీగా పైకి వస్తుంది. ఒక్కో రాకపోకకు దాదాపు 10 నిమిషాలు. నిండా ఒక రోజు బతకని ఆ చేద వందకు పైగా రేణువులను తోడి పోస్తుంది! ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దీన్ని కనిపెట్టినవాళ్లు అమెరికాలోని డాలస్‌లో పనిచేసిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్. చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లల చర్మకణాలను 1970లలో పెంచి చూస్తే, ఎల్‌డీఎల్‌ను పట్టుకునే చేదలే పనిచేయడం లేదు. 1985లో నోబెల్ వచ్చింది. ఆ పిల్లలకు లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది. నీకు నా ఒక్కడి నుంచే వచ్చింది కాబట్టి సగం చేదలు పనిచేస్తున్నాయి. నెయ్యి మానేసినా తగ్గలేదని నిన్ను నువ్వు తిట్టుకున్నావే, అది నీ తిండి తప్పు కాదు తల్లీ.

ఇక మాత్ర సంగతి. స్టాటిన్ రక్తంలోని కొవ్వును కరిగించదు. కాలేయం సొంతంగా కొలెస్టరాల్ తయారుచేసుకోవడాన్ని తగ్గిస్తుంది. కణానికి కరువొస్తుంది. అప్పుడు అది మరిన్ని చేదలు చేసి పైకి పంపి, రక్తంలోంచి తోడుకుంటుంది. నీ నార్మల్ రిపోర్టు ఆ కరువు పుణ్యమే. మాత్ర ఆపితే కరువు తీరుతుంది, చేదలు తగ్గుతాయి, కొన్ని వారాల్లో అంకె మళ్లీ మొదటికొస్తుంది. ఒళ్లు నొప్పులుంటే డాక్టరుకు చెప్పు, మందు మారుస్తారు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు.

బుధవారం తమ్ముడికి రక్తపరీక్ష. వాడికీ సగానికి సగం అవకాశం ఉంది. సూదంటే వాడికెంత భయమో తెలుసుగా, పొద్దున్నే ఒకసారి ఫోను చెయ్యి.

నాన్న