కీబోర్డులోని ‘ఆర్గాన్’ మీట వెనక

సంపాదకులకు,

1935లో వచ్చిన హామండ్ ఆర్గాన్‌ను తొలి ఎలక్ట్రానిక్ కీబోర్డుల జాబితాలో వేయడం పరిపాటి అయింది. నిజానికి అందులో ఎలక్ట్రానిక్ అనదగ్గది ప్రధానంగా ఆంప్లిఫయరే. స్వరం పుట్టేది 91 ఇనుప చక్రాల నుంచి. చక్రం అంచునున్న ఎత్తుపల్లాలు అయస్కాంతం ముందు తిరిగినప్పుడు, దానికి చుట్టిన తీగలో కరెంటు ఊగుతుంది. మోటారు వేగం నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకు 20. ‘ఎ’ స్వరానికి 88, 64 పళ్ల గేర్ల జత, 16 పళ్ల చక్రం. 20ని 88తో హెచ్చవేసి, 64తో భాగించి, 16తో హెచ్చవేస్తే సరిగ్గా 440. మిగతా స్వరాలకు పళ్ల లెక్క అంత ముక్కుసూటిగా కుదరలేదు. తేడా వెంట్రుకవాసే, చెవికి ఆనదు.

ఈ లెక్క తెలియకే పాత ఆర్గాన్ కొన్నవాళ్లు బోల్తా పడతారు. 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినదాన్ని 50 హెర్ట్జ్ ఉన్నచోట పెడితే, ట్రాన్స్‌ఫార్మరు ఓల్టేజీని సరిచేస్తుంది గానీ, కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే మోటారు వేగాన్ని కాదు. శ్రుతి మూడు మెట్ల పైచిలుకు దిగిపోతుంది. ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టరు ఉండాల్సిందే. పాత మోడళ్లలో ఆ మోటారు తనంత తాను లేవదు కూడా. స్టార్ట్ స్విచ్ ఎనిమిది సెకన్లు పట్టుకుని, దాన్ని వదలకుండానే రన్ స్విచ్ వేసి, మరో నాలుగు సెకన్లాగి స్టార్ట్ వదలాలి. ఏడాదికోసారి పోసే నూనె కూడా దానికోసం చేసిందే కావాలి. ఇంట్లో ఉన్న మిషను నూనె పోస్తే, బేరింగులకు నూనె చేర్చే సన్నటి నూలుపోగులు జిగురెక్కి చక్రాలు బిగుసుకుంటాయి.

ఇక మెట్టు నొక్కగానే వినిపించే ఆ ‘టిక్’ చప్పుడు. ఒక్కో మెట్టు కింద తొమ్మిది కాంటాక్టులుంటాయి, తొమ్మిదీ ఒకే క్షణాన కలవవు. కంపెనీకి అది లోపం. జాజ్ వాయించేవాళ్లకు అదే లయకు పట్టుకొమ్మ. ఇప్పటి డిజిటల్ వాయిద్యాల్లో ‘కీ క్లిక్’ అని ప్రత్యేకంగా మీట పెట్టి మరీ దాన్ని పుట్టిస్తున్నారు! అనుకరణ అంతటితో ఆగలేదు. హామండ్ బి-3 మోడల్‌లో పర్కషన్ (స్వరం మొదట్లో కొట్టినట్టు పలికే పొట్టి ధ్వని) వేస్తే తొమ్మిదో డ్రాబార్ (స్వరంలోని ఒక్కో పాలు ఎంత వినపడాలో చెప్పే లాగుడు మీట) మూగబోతుంది, ఎందుకంటే ఆ కాంటాక్టును పర్కషన్ వాడుకుంటుంది. ముందు మెట్టు వదలకుండా తర్వాతది నొక్కితే పర్కషన్ పలకదు. కొత్త కీబోర్డులో ఇలా జరిగితే పాడైందనుకుని మరమ్మతుకు తీసుకెళ్లకండి.

అసలు సిసలు ఎలక్ట్రానిక్ వాయిద్యం కావాలంటే అదే కంపెనీ 1939లో తెచ్చిన నోవాకార్డ్‌ను చెప్పుకోవాలి. వాల్వులే 163. పై సప్తకానికి పన్నెండు ఆసిలేటర్లు, అంటే కంపనాలు పుట్టించే సర్క్యూట్లు. కింది సప్తకాలన్నీ ఆ కంపనాలను సగానికి సగం విడగొట్టగా వచ్చినవే. అందుకే 72 మెట్లూ ఒకేసారి నొక్కినా పలుకుతాయి. వయొలిన్ల బృందాన్ని అనుకరించే 1970ల స్ట్రింగ్ మెషీన్లు నడిచింది ఈ భాగహారం మీదే.

రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోది వేరే దారి. సుత్తి దెబ్బకు సన్నటి ఉక్కు కడ్డీ పికప్ (తీగ చుట్టిన అయస్కాంతం) ముందు ఊగుతుంది. కడ్డీ కొన పికప్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటే పై సప్తకం ఎక్కువ వినిపిస్తుంది, కాస్త పక్కకు జరిపితే మూలస్వరం నిండుగా వస్తుంది. కడ్డీకున్న స్ప్రింగును కొనవైపు జరిపితే శ్రుతి తగ్గుతుంది, మొదలువైపు జరిపితే పెరుగుతుంది. గట్టిగా కొట్టినప్పుడు వచ్చే ఆ గరుకు పలుకు, కడ్డీ పికప్ ముందు మరీ పెద్దగా ఊగడం వల్ల వచ్చేది. దాన్ని స్పీకరు చిరుగు అనుకుని వాల్యూమ్ తగ్గిస్తే పోదు, వేలి బలం తగ్గించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు